పిల్లి పళ్లెంలో నీటి లెక్క

పొడి గింజలా, తడి ఆహారమా? ధర, సౌకర్యం కంటే ముందు చూడాల్సింది మరొకటుంది

పిసినారిని పిల్లికి బిచ్చం పెట్టనివాడని వెక్కిరించడం తెలుగువారికి అలవాటే. ముంబై, బెంగళూరు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు పిల్లికి పెట్టేవారికి కొదవలేదు. ఏం పెట్టాలన్నదే చిక్కు. దుకాణం అరలో ఒకవైపు పొడి గింజల సంచులు, మరోవైపు గ్రేవీ నిండిన పౌచ్‌లు. చాలామంది ధర చూసి సంచీ అందుకుంటారు.

తేడా చిన్నదేమీ కాదు మరి. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 60 గ్రాముల గింజలు చాలు. మామూలు బ్రాండ్లలో సుమారు 30 రూపాయల ఖర్చు. పౌచ్‌లతోనే కడుపు నింపాలంటే కనీసం మూడు కావాలి. 150 రూపాయల దాకా అవుతుంది. పైగా గింజలను పొద్దున గిన్నెలో పోసి ఆఫీసుకు వెళ్లిపోవచ్చు. ఎండాకాలంలో గ్రేవీని ఒకటి రెండు గంటలకు మించి బయట ఉంచలేం.

అయితే ఈ లెక్కలో నీళ్లు లేవు. ఇంటి పిల్లి మూలాలు పశ్చిమాసియా అడవిపిల్లిలో ఉన్నాయని 2007లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. పొడి నేలల్లో, తిన్న ఎలుక నుంచే నీటిని రాబట్టుకుని బతికిన జాతి అది. అందుకే దాహం తక్కువ. నాలుగు కిలోల పిల్లికి రోజుకు దాదాపు 200 మిల్లీలీటర్ల నీరు అవసరం. పౌచ్‌లో 80 శాతం వరకు నీరే కాబట్టి మూడింటితో ఆ అవసరం దాదాపు తీరిపోతుంది. 60 గ్రాముల గింజల్లో దొరికేది ఆరు మిల్లీలీటర్లే. మిగతాది పిల్లి తాగాలి. తాగుతుంది కానీ, లోటు పూర్తిగా తీరేంత తాగదు. మూత్రం చిక్కబడుతుంది.

అసలు ముప్పు మగపిల్లులకు. వాటి మూత్రనాళం సన్నం. స్ఫటికాలో, జిగురు ముద్దో అడ్డుపడితే మూత్రం ఆగిపోతుంది. ఆందోళన, ఊబకాయం కూడా ఇందుకు తోడవుతాయి. పిల్లి పదేపదే లిట్టర్ ట్రేలో కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకమనుకుని ఊరుకోవడం ప్రమాదకరం. ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

గింజలు నమిలితే పళ్లు శుభ్రపడతాయన్న నమ్మకానికీ పెద్దగా బలం లేదు. దంతాల కోసం ప్రత్యేకంగా తయారుచేసినవి తప్ప మామూలు గింజలతో ఒరిగేది స్వల్పమే. అలాగని రెండూ వద్దని పెరుగన్నం పెడితే మరింత నష్టం. పిల్లి మాంసాహారి. మాంసంలో దొరికే టారిన్ కొరవడితే గుండె కండరాలు బలహీనపడతాయని 1987లోనే రుజువైంది.

మధ్యేమార్గం ఉంది. రోజుకో పౌచ్, మిగతా ఆకలికి కొలిచిన గింజలు. పౌచ్ మీద సంపూర్ణ ఆహారమని రాసి ఉందో లేదో చూసుకోవాలి. కొన్ని చిరుతిండి మాత్రమే. నీళ్లను వెడల్పాటి గిన్నెల్లో, లిట్టర్ ట్రేకు దూరంగా, రెండు మూడు చోట్ల పెట్టాలి. గింజలకు అలవాటుపడిన పిల్లికి వారం పది రోజుల పాటు కొద్దికొద్దిగా తడి ఆహారం కలిపి మార్చాలి. ఆకలేస్తే అదే తింటుందని పస్తు పెట్టకూడదు. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుంది.