అరిస్తే గెలుస్తారా?

జిల్లా స్థాయి బ్యాడ్మింటన్ పోటీలు. అండర్-13 బాలికల మ్యాచ్. స్కోరు 19-19. గ్యాలరీలో ఓ నాన్న ఇక ఆగలేకపోయాడు. ‘‘కొట్టమ్మా... స్మాష్ కొట్టు! వదలొద్దు!’’ పక్కనే అమ్మ కళ్లు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంటోంది. అటుపక్క నుంచి కోచ్ చేతులూపుతున్నాడు. పాప సర్వీస్ చేసింది. షటిల్ నెట్‌కి తగిలి ఇవతలే పడిపోయింది.

ఇంటికెళ్లేటప్పుడు స్కూటర్ వెనక కూర్చున్న పాప ఒక్క మాటా మాట్లాడదు. నాన్న మనసులో మాత్రం ఒకటే గొడవ. తను అరవబట్టే పాయింటు పోయిందా? అరవకపోతే అసలు 19 దాకా వచ్చేదా?

ఏ ఊళ్లో ఏ ఆటస్థలం దగ్గరికెళ్లినా వినిపించే సందేహమే ఇది. సమాధానం ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. కొందరు ‘ధైర్యం చెప్పాలి’ అంటారు. కొందరు ‘వదిలేయాలి’ అంటారు. తోచింది చెప్పడం కాదు, కొలిచి చెప్పాలి అంటూ విశ్వవిద్యాలయంలో ఓ చదువు పుట్టింది. దాని పేరు స్పోర్ట్స్ సైకాలజీ. ‘ఆటగాళ్లకి ధైర్యం చెప్పే కోర్సే కదా’ అనుకుని చేరేవాళ్లకి మొదటి నెల్లోనే ఆశ్చర్యం ఎదురవుతుంది. ఎందుకంటే అక్కడ మొదటి పాఠం ఉపన్యాసం గురించి కాదు, చేపలు పట్టే రీలు గురించి!

చేపల రీలూ... నలభై మంది పిల్లలూ

నార్మన్ ట్రిప్లెట్ అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసేవాడు. సైకిల్ పందేలంటే మహా ఇష్టం. పందేల రికార్డులు ముందేసుకుని చూస్తే ఒక సంగతి కనిపించింది. ఒంటరిగా గడియారంతో పోటీపడి తొక్కేవాళ్లకంటే, పక్కన మరొకరు ఉన్నప్పుడు తొక్కేవాళ్లు వేగంగా వెళ్తున్నారు. ముందు వెళ్లేవాడు గాలిని చీల్చుకుంటూ పోవడం వల్లనా? లేక మనసులో ఏదైనా జరుగుతోందా? తేల్చాలంటే గాలితో పనిలేని పోటీ ఒకటి కావాలి. గేలానికి దారం చుట్టే రీళ్లు రెండు తెచ్చి బల్లకి బిగించాడు. పిల్లల్ని పిలిచి తిప్పమన్నాడు. కాసేపు ఒంటరిగా, కాసేపు పక్కన ఇంకొకరితో పోటీగా.

ఫలితాలు 1898లో అచ్చయ్యాయి. వాటిలో ఆయన 40 మంది పిల్లల లెక్క ఇచ్చాడు. పక్కన పోటీ ఉన్నప్పుడు 20 మంది వేగం పెరిగింది. పది మందికి పెద్ద తేడా లేదు. మిగిలిన పది మందీ ఉత్సాహం ఎక్కువైపోయి, చేతులు బిగుసుకుపోయి వెనకబడ్డారు. అంటే అదే గది, అదే రీలు, అదే పోటీ. ఒకరికి మందు, మరొకరికి విషం.

కథ అక్కడితో అయిపోతే అది చదువు కాదు. మైఖేల్ స్ట్రూబ్ అనే ప్రొఫెసర్ ఆ పాత అంకెల్నే తీసుకుని ఇప్పటి గణాంక పద్ధతులతో మళ్లీ లెక్కగట్టారు. 2005లో ఆయన చెప్పిందేమిటంటే... పోటీ వల్ల వేగం పెరిగిందని గట్టిగా అనడానికి ఆ అంకెల్లో పెద్దగా బలం లేదని! నూరేళ్లకు పైగా పాఠ్యపుస్తకాల్లో మొదటి పేజీల్లో ఉన్న ప్రయోగం అది. ట్రిప్లెట్ అడిగిన ప్రశ్న మంచిదే, జవాబు మాత్రం అంత తేలిక కాదు అని విద్యార్థికి తెలిసొచ్చేది ఇక్కడే. లెక్కల బాధ తప్పుతుందని సైకాలజీలో చేరినవాళ్లకి స్టాటిస్టిక్స్ పేపరు ఎదురుపడేదీ ఇక్కడే.

వినేవాళ్లు లేని పండితుడు

అమెరికాలో ఈ శాస్త్రానికి తండ్రి అనదగ్గ మనిషి కోల్‌మన్ గ్రిఫిత్. 1923లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆటల మనస్తత్వం మీద పాఠాలు చెప్పడం మొదలెట్టారు. 1925లో అక్కడే ఓ ప్రయోగశాల తెరిచారు. ఆటగాళ్ల చూపు ఎంత చురుగ్గా ఉంది, కండరాలు ఎప్పుడు బిగుస్తున్నాయి, నేర్చుకున్నది ఎంతకాలం గుర్తుంటోంది... ఇవన్నీ కొలిచేందుకు పరికరాలు కూడా తయారుచేసుకున్నారు.

ఆ రోజుల్లో అదే విశ్వవిద్యాలయంలో రెడ్ గ్రాంజ్ అనే ఫుట్‌బాల్ వీరుడు ఉండేవాడు. 1924లో మిషిగన్ జట్టు మీద మొదటి 12 నిమిషాల్లోనే నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అది మామూలు సంగతి కాదు. గ్రిఫిత్ వెళ్లి ‘ఎలా చేశావు?’ అని అడిగితే గ్రాంజ్ చెప్పలేకపోయాడు. ఆ నాలుగింటిలో దేని వివరమూ గుర్తులేదన్నాడు!

ఈ మాట దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత మళ్లీ పైకొచ్చింది. 2001లో సియాన్ బైలాక్, థామస్ కార్ అనే పరిశోధకులు గోల్ఫ్ ఆటగాళ్లని పరీక్షించారు. అనుభవమున్న ఆటగాళ్లూ కొత్తవాళ్లూ బంతిని గుంటలోకి కొట్టాక, ‘ఇప్పుడు కొట్టినదాంట్లో ఏమేం చేశారో చెప్పండి’ అని అడిగారు. కొత్తవాళ్లు బోలెడు చెప్పారు. చేయి తిరిగినవాళ్లకి పెద్దగా గుర్తులేదు. అయితే వంకరగా, బరువుగా ఉన్న వింత కర్ర ఇచ్చి కొట్టమన్నప్పుడు మాత్రం వాళ్లకీ వివరాలు గుర్తున్నాయి. ఎందుకంటే అప్పుడు వాళ్లు ప్రతి కదలికనీ గమనించుకోవాల్సి వచ్చింది. బాగా వచ్చిన పని దానంతటదే జరిగిపోతుంది. దాని మీద మనసు పెట్టి ముక్కలుముక్కలుగా చూసుకోవడం మొదలెడితే తడబాటే. మెట్లు చకచకా దిగేవాడిని ‘ఏ కాలు ముందేస్తున్నావు?’ అని అడిగి చూడండి, తెలుస్తుంది.

19-19 దగ్గర ‘మణికట్టు తిప్పు, మోకాలు వంచు’ అని కోచ్ గ్యాలరీ దాకా వినిపించేలా చెప్పడం ఎందుకు ప్రమాదమో అర్థమవడానికి ఈ ఒక్క ప్రయోగం చాలు.

గ్రిఫిత్ కథకి తిరిగొస్తే, ముగింపు అంత బాగుండదు. ప్రయోగశాల 1932లో మూతపడింది. 1938లో చికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు యజమాని ఫిలిప్ రిగ్లీ ఆయన్ని పిలిపించాడు. చూయింగ్‌గమ్ కంపెనీ రిగ్లీలే వీళ్లు. గ్రిఫిత్ కెమెరా పట్టుకుని శిక్షణ శిబిరానికి వెళ్లారు. ఆటగాళ్లని ఫిల్మ్ తీశారు, పరీక్షలు పెట్టారు, యజమానికి నివేదికల మీద నివేదికలు రాశారు. సాధన మ్యాచ్‌లాగే ఉండాలి, ఊరికే బంతులు కొట్టుకుంటూ పోతే లాభం లేదన్నది వాటిలో ఒక ముఖ్యమైన మాట. ఇవాళ ఏ అకాడమీలోనైనా చెప్పే సంగతే. కానీ మేనేజర్ చార్లీ గ్రిమ్‌కి ఈ ప్రొఫెసర్ పొడ గిట్టలేదు. సీజన్ మధ్యలో గ్రిమ్ పోయి గ్యాబీ హార్ట్‌నెట్ వచ్చినా పరిస్థితి మారలేదు. 1940 నాటికి గ్రిఫిత్ ఆ పని వదిలేశారు. ఆయన తప్పు లేదనీ అనలేం. బడిపంతులు తనిఖీకొచ్చినట్టు వెళ్తే ఆటగాళ్లు దగ్గరికి రానిస్తారా? ఇప్పుడు ఈ కోర్సుల్లో కోచ్‌తో, జట్టుతో ఎలా మసలుకోవాలో కూడా నేర్పుతున్నారంటే అది ఇలాంటి అనుభవాల చలవే.

గ్యాలరీలోని నాన్న కోసం

పతకాలు గెలిచేవాళ్ల కోసమే ఈ శాస్త్రం అనుకుంటే పొరపాటు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మాల్ అనే ఇద్దరు పిల్లల బేస్‌బాల్ కోచ్‌లని ఏళ్ల తరబడి గమనించారు. ఎవరు ఎప్పుడు మెచ్చుకుంటున్నారు, ఎప్పుడు తిడుతున్నారు, తప్పు చేసిన పిల్లాడికి ఏం చెబుతున్నారు... అన్నీ మైదానం పక్కన కూర్చుని రాసుకున్నారు. తర్వాత కొందరు కోచ్‌లకి సీజన్ ముందు కొద్ది గంటల శిక్షణ ఇచ్చారు. ప్రయత్నాన్ని మెచ్చుకోండి, తప్పు చేస్తే ధైర్యం చెప్పి ఎలా దిద్దుకోవాలో చూపండి, అవమానించకండి... ఇంతే. ఆ బృందం 1992లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, శిక్షణ తీసుకోని కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో 26 శాతం మరుసటి ఏడు ఆట మానేశారు. శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర మానేసింది 5 శాతమే. జట్ల గెలుపోటముల్లో తేడా ఉండటం వల్ల వచ్చిన ఫలితం కాదిది.

పిల్ల గెలిచిందా లేదా అన్నది ఆ పూట సంగతి. వచ్చే ఏడాది రాకెట్ పట్టుకుంటుందా లేదా అన్నది అసలు సంగతి.

మన దగ్గరికొస్తే, సింధు అరుపు కథ క్రీడాభిమానులకి తెలిసిందే. నెమ్మదిగా ఉండే అమ్మాయిలో దూకుడు తేవడానికి గోపీచంద్ ఆమెని కోర్టు మధ్యలో, అందరి ముందూ నిలబెట్టి గట్టిగా అరవమన్నారు. మొదట్లో ఆమె ఏడ్చేసింది. తర్వాత 2016 రియోలో రజతం వచ్చింది. ఆపైన 2017, 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్‌లో ఓడిపోతే ‘ఫైనల్ అంటే భయం’ అన్నవాళ్లున్నారు. 2019లో బాసెల్‌లో ఒకుహరాని 21-7, 21-7తో చిత్తుచేశాక ఆ మాట మాయమైంది. గొప్ప కథే. కానీ పరీక్షలో ‘సింధు అరిచింది, గెలిచింది, కాబట్టి పిల్లలందరినీ అరిపించాలి’ అని రాస్తే సున్నా పడుతుంది. గోపీచంద్‌కి ఆ అమ్మాయి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎవరి చేత అరిపించాలో, ఎవరిని అలా వదిలేయాలో ఆయనకి తెలుసు. ఆ తెలివిడి లేకుండా అదే పద్ధతిని ముప్పై మంది పిల్లల మీద రుద్దితే, ట్రిప్లెట్ గదిలో బిగుసుకుపోయిన ఆ పది మందిని గుర్తు చేసుకోవాల్సి వస్తుంది.

తలుపు మీద పేరు

ఇక ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలెవరైనా ‘నేను స్పోర్ట్స్ సైకాలజీ చదువుతా’ అంటే ఏం చేయాలి? ముందు ఆ పేరు సంగతి తెలుసుకోవాలి.

2011లో క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన భారత జట్టుతో ప్యాడీ ఆప్టన్ ఉన్నారు. 2024 డిసెంబరులో పద్దెనిమిదేళ్లకే ప్రపంచ చదరంగ ఛాంపియన్ అయిన మన తెలుగు కుటుంబపు కుర్రాడు గుకేశ్‌కి సాయపడిందీ ఆయనే. ఆయన్ని పిలిచేది ‘మెంటల్ కండిషనింగ్ కోచ్’ అని, సైకాలజిస్టు అని కాదు. పెర్ఫార్మెన్స్ కోచ్, మైండ్ కోచ్... ఇలా రకరకాల బోర్డులు కనిపిస్తాయి. వీళ్లలో సమర్థులు లేరని కాదు. ఆ బోర్డు వెనక ఏం చదువుందో అడిగి తెలుసుకోవాల్సింది మాత్రం మనమే. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులకి పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉంది. స్పోర్ట్స్ సైకాలజిస్టు అనే పేరుకి అలాంటి ప్రత్యేక రిజిస్ట్రేషన్ అక్కడ లేదు.

బ్రిటన్‌లో అలా కుదరదు. ‘స్పోర్ట్ అండ్ ఎక్సర్‌సైజ్ సైకాలజిస్టు’ అన్నది 2009 నుంచి చట్టం కాపాడే పేరు. రిజిస్టర్‌లో లేనివాళ్లు వాడకూడదు. ఇక్కడే చాలా కుటుంబాలు దెబ్బతింటాయి. లక్షలు అప్పుచేసి ఏడాది ఎంఎస్సీకి పంపిస్తారు. పట్టా వస్తుంది, పేరు రాదు! ముందు అక్కడివాళ్లు గుర్తించే సైకాలజీ డిగ్రీ ఉండాలి. ఎంఎస్సీ తర్వాత మరో రెండేళ్లకు తగ్గకుండా అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని చేయాలి. అప్పుడే రిజిస్టర్.

ఇక్కడ చదవాలంటే ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ విభాగాలున్నాయి. పునాదికి అవి సరిపోతాయి. ప్రత్యేకంగా ఆటల వైపు వెళ్లాలనుకునేవాళ్లు గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి జాతీయ శారీరక విద్యా సంస్థ, 2018 చట్టంతో మణిపూర్‌లో ఏర్పడిన జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం వైపు చూడొచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి. ‘ఇంట్లో కూర్చుని చేసేయొచ్చు’ అన్న ప్రకటనల్ని నమ్మొద్దు. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ ఆదేశించింది.

చదువులో అన్నిటికంటే కష్టమైన అధ్యాయం మాత్రం పుస్తకంలో ఉండదు. జీతమిచ్చేది సంఘం. గదిలోకొచ్చి ఏడ్చేది ఆటగత్తె. రేపు సెలెక్టరు ఫోన్ చేసి ‘ఆ అమ్మాయి పరిస్థితి ఎలా ఉంది? ఫైనల్లో ఆడించొచ్చా?’ అని అడిగితే ఏం చెప్పాలి? ఆమె అనుమతి లేకుండా చెప్పకూడదు. చెప్పకపోతే ఉద్యోగం ఉండకపోవచ్చు. 2021లో టోక్యోలో సిమోన్ బైల్స్ గాల్లో తన ఒళ్లు తనకి తెలియట్లేదంటూ జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకున్నప్పుడు, ప్రపంచమంతా ‘ఎందుకు?’ అని అడిగింది. ఆమె మళ్లీ వచ్చి 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు తీసుకెళ్లింది. అలాంటి పూట పక్కన కూర్చునేవాళ్లకి అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఏ సమస్య తమ పరిధిలోది, ఎప్పుడు డాక్టరు దగ్గరికి పంపాలి అన్నది. అందుకే కోర్సు ఎంచుకునేటప్పుడు ఫీజు, హాస్టలు అడిగాక ఇంకో ప్రశ్న అడగాలి. ‘మా అమ్మాయి మొదటి ఆటగాడితో మాట్లాడేటప్పుడు, పక్కన ఉండి చూసేదెవరు?’