బాతు స్టాంపు కథ

సెప్టెంబరు చివరికొచ్చేసరికి మనమంతా దసరా బొమ్మల కొలువుకు అట్టపెట్టెలు దింపుతుంటే, మా మిన్నెసోటాలో పక్కింటివాళ్ళు గరాజ్‌లోంచి పడవ బయటికి తీస్తారు. బాతుల వేట సీజన్ మరి! ఇంకా చీకటుండగానే పొడుగు రబ్బరు బూట్లు తొడుక్కుని, కుక్కను ట్రక్కు ఎక్కించుకుని బయల్దేరతారు. ఈ సరదా మనలో చాలామందికి మింగుడు పడదు. ఆదివారం కోడికూర తప్పనిసరిగా వండుకునేవాళ్ళం కూడా "పాపం, ఎగిరే పక్షిని కొట్టడమేమిటి!" అంటాం.

క్రిందటేడు మా అమ్మాయి స్కూలు నుంచి ‘జూనియర్ డక్ స్టాంపు’ పోటీ కాగితం తెచ్చింది. బాతు బొమ్మ గీసి పంపాలట. అప్పుడు మా దగ్గరే ఉన్న మా అమ్మ, "వేటగాళ్ళ బిళ్ళకు మన పిల్ల బొమ్మ గీయడమేమిట్రా?" అంది. అమ్మాయేమో, "నాన్నా, చంపేవాళ్ళే ఎలా కాపాడతారు?" అని నన్ను నిలదీసింది. మీ ఇంట్లోనూ ఈ ప్రశ్న రావచ్చు. అందుకే ఆ కథ ఇక్కడ చెబుతున్నాను.

ఒకప్పుడు అమెరికాలో ఈ వేటకు అడ్డూ అదుపూ ఉండేది కాదు. పడవలకు పెద్ద పెద్ద తుపాకులు బిగించి, ఒక్క దెబ్బకు డజన్ల కొద్దీ బాతుల్ని కొట్టి, పట్నం హోటళ్ళకు అమ్మేవారు. ఆకాశాన్ని కమ్మేసేటంత సంఖ్యలో ఉన్న ప్యాసెంజర్ పావురాల జాతిలో ఆఖరిది 1914లో సిన్సినాటి జూలో చనిపోయింది. పక్షికి సరిహద్దు తెలియదు కదా! అందుకే 1916లో కెనడా తరఫున బ్రిటన్‌తో అమెరికా ఒప్పందం చేసుకుంది. 1918లో వలస పక్షుల చట్టం తెచ్చింది.

ఇప్పుడు వేటాడాలంటే నియమాలు బోలెడు. 16 ఏళ్ళు నిండినవారు డక్ స్టాంపు కొని, దాన్ని వెంట ఉంచుకోవాలి. సూర్యోదయానికి అరగంట ముందు మొదలుపెట్టి, సూర్యాస్తమయానికి ఆపేయాలి. తుపాకీలో 3 తూటాలకు మించకూడదు. గింజలు చల్లి పక్షుల్ని రప్పించకూడదు. 1991 నుంచి దేశమంతటా బాతుల వేటలో సీసం గుళ్ళు నిషేధం. ఎందుకంటే నీటి అడుగున పడిన గుళ్ళను బాతులు గులకరాళ్ళనుకుని మింగి చనిపోయేవి. వాటిని తిన్న గద్దలూ చచ్చేవి. కొట్టిన బాతును ఇంటికి తెచ్చేటప్పుడు తలో, ఈకలతో ఒక రెక్కో అలాగే ఉంచాలి. అది ఏ జాతి పక్షో వార్డెన్‌కు తెలియాలి కదా!

ఎన్ని కొట్టవచ్చన్నది కూడా ఎవరి ఇష్టం కాదు. 1955 నుంచి, కరోనా వచ్చిన రెండేళ్ళు తప్ప, ప్రతి ఏడూ మే నెలలో విమానాల్లో తిరిగి బాతుల్నీ, నీటి గుంటల్నీ లెక్కపెడుతున్నారు. ఆ లెక్కను బట్టే పరిమితులు. మా మిసిసిపీ వలస మార్గంలో ఇటీవలి సీజన్లలో మనిషికి రోజుకు 6 బాతులు. అందులో మల్లార్డ్‌లు 4 దాటకూడదు, ఆ నాలుగులో ఆడవి 2 మించకూడదు.

ఇక స్టాంపు సంగతి. 1934లో ‘డింగ్’ డార్లింగ్ అనే కార్టూనిస్టు మొదటి బొమ్మ గీశారు. అప్పుడు ధర 1 డాలరు, ఇప్పుడు 25. అందులో ప్రతి డాలరుకు 98 సెంట్లు పక్షుల ఆశ్రయాలకు నేల కొనడానికీ, లీజుకు తీసుకోవడానికీ పోతాయి. ఇప్పటిదాకా 60 లక్షల ఎకరాలకు పైగా అలా కాపాడారు.

ఇదంతా విన్న మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. ఆవిడది కైకలూరు. తర్వాత మెల్లిగా అంది: "మా కొల్లేట్లో ఇప్పుడు తుపాకీ ఎవరూ పేల్చర్రా. కానీ నా చిన్నప్పటి నీళ్ళేవీ?"

నిజమే. మన దేశంలో 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. మంచిదే. కానీ కొల్లేట్లో చేపల చెరువుల గట్లు లేస్తూనే వచ్చాయి. 1999లో అభయారణ్యమైంది, 2002లో రాంసర్ గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ప్రభుత్వం గట్లు తెగ్గొట్టింది. చెరువుల మీద బతికే కుటుంబాలకూ, వలస వచ్చే పక్షులకూ మధ్య ఆ తగువు నేటికీ తెగలేదు. పక్షిని కొట్టవద్దంటే సరిపోదు, అది దిగడానికి నీళ్ళూ ఉండాలి. ఆ నీళ్ళకు డబ్బు ఎవరిస్తారు? ఇక్కడ వేటగాళ్ళు ఇస్తున్నారు. మనసుకు నచ్చినా నచ్చకపోయినా ఆ మాట ఒప్పుకోవాలి.

నేను తుపాకీ పట్టను, మా పిల్లలూ పట్టరు. అయినా డక్ స్టాంపు కొన్నాను. తుపాకీ లేనివాళ్ళు కొనకూడదని ఎక్కడా లేదు. పోస్టాఫీసులో అడిగితే దొరుకుతుంది. అది చూపిస్తే ప్రవేశ రుసుము ఉన్న జాతీయ వన్యప్రాణి ఆశ్రయాలకు ఏడాదంతా ఉచితంగా వెళ్ళవచ్చు.

పిల్లలూ, కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో గ్రేడు దాకా ఎవరైనా ఆ బొమ్మల పోటీకి పంపవచ్చు. మా అమ్మాయి పిన్‌టెయిల్ బాతును గీసింది. సూదిలాంటి తోక ఉన్న ఈ బాతు మన పులికాట్‌కూ చలికాలంలో వస్తుంది. తోక సరిగ్గా రాలేదని మూడుసార్లు చెరిపించి, మళ్ళీ గీయించింది ఎవరనుకున్నారు? వాళ్ళ నానమ్మే!