పెట్రోలు పైపు దగ్గర బేరమా?

పాత కారుకు పెట్రోలు పైపు మార్చడం చిన్న పని కాదని నా అభిప్రాయం. హిమాయత్‌నగర్ సందుల్లో ఈ మాట అంటే నవ్వేవారే ఎక్కువ. "అర్ధగంట పని సార్, మీరు టీ తాగి రండి" అంటారు. టీకి వెళ్ళకుండా పక్కనే నిలబడి చూసే దురలవాటు నాకున్నది కనుక ఈ నాలుగు మాటలు.

(ఇంధనవాహిక అని వ్రాద్దామనుకున్నాను. వినడానికి సొంపుగానే ఉంటుంది గానీ, రాణిగంజ్‌లో స్పేర్‌పార్టుల దుకాణం వాణ్ణి అలా అడిగితే నన్ను ఎగాదిగా చూస్తాడు. పెట్రోలు పైపే ఉండనిద్దాం.)

మన మెకానిక్కులలో పెద్దవారు పని నేర్చుకున్నది కార్బ్యురేటరు కాలంలో. అప్పుడు పైపులో ఒత్తిడి నామమాత్రం. పైపు ఊడదీస్తే నాలుగు చుక్కలు కారేవి, గుడ్డతో తుడిచేవారు. 2005 ఏప్రిల్‌లో హైదరాబాదులో భారత్ స్టేజ్-3 ప్రమాణాలు వచ్చేనాటికి కొత్త కార్లలో కార్బ్యురేటరు దాదాపు కనుమరుగైంది. ఇంజెక్షను కారులో పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. సాధారణంగా మూడు బార్‌లకు అటూ ఇటూగా పెట్రోలును తోస్తుంది. మనం టైరులో నింపే గాలి ఒత్తిడికన్నా ఇది ఎక్కువ. పైగా ఇంజను ఆపినా ఆ ఒత్తిడి పైపులో చాలాసేపు నిలిచే ఉంటుంది. అది తెలియక క్లిప్పు వదులు చేస్తే పెట్రోలు చుక్కలుగా కారదు, తుంపరగా చిమ్ముతుంది. కంట్లోకీ, వేడి సైలెన్సరు మీదికీ.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. ఇంజను పూర్తిగా చల్లారనివ్వాలి. ట్యాంకు మూత ఒకసారి తెరవాలి. పంపు ఫ్యూజునో రిలేనో పీకి, ఇంజను స్టార్టు చేసి దానంతట అది ఆగిపోయేదాకా నడవనివ్వాలి. తరువాత ఒకటి రెండుసార్లు సెల్ఫ్ కొట్టాలి. అప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి. అప్పటికీ కొంత పెట్రోలు మిగిలే ఉంటుంది కాబట్టి, జాయింటు చుట్టూ గుడ్డ కప్పి, కళ్ళద్దాలు పెట్టుకొని విప్పాలి. ఇంతా కలిపి పావుగంట. ఆ పావుగంటకు మనం డబ్బివ్వం కనుకనే అతడు దానిని వదిలేస్తాడు. తప్పంతా అతనిదే అనడానికి నాకు మనసొప్పదు.

ఇక పైపు. మీటరు లెక్కన కత్తిరించి ఇచ్చే నల్లటి రబ్బరు పైపులన్నీ చూపులకు ఒక్కటే. పైపు మీది అచ్చు చదవాలి. ఎస్.ఏ.ఈ. జె30 ఆర్7 అని ఉంటే అది కార్బ్యురేటరు రకం; ఇంజెక్షనుకు ఆర్9 కావాలి. దాని లోపల పెట్రోలును తట్టుకొనే ఫ్లోరిన్ రబ్బరు పొర ఉంటుంది. ట్యాంకులో మునిగి ఉండేదానికి ఈ రెండూ పనికిరావు, ఆర్10 ఉండాలి. ఏ అచ్చూ లేని పైపును ఊరికే ఇచ్చినా వద్దనండి. పళ్ళపట్టీ క్లిప్పు రబ్బరును కోస్తుంది. అంచులు మడిచిన, బోల్టుతో బిగిసే క్లిప్పు అడగండి. నైలాను పైపు పగిలితే మధ్యలో కోసి రబ్బరు ముక్క అతికించడం నేను చూసిన ఘోరాలలోకెల్లా ఘోరం. ఆ కారుకు తగిన పైపునే మొత్తంగా మార్చాలి.

ఇప్పుడే ఇదంతా ఎందుకంటే, పెట్రోలే మారింది. 2025 నాటికి మన బంకుల్లో ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు మామూలైపోయింది. పాత కార్లలోని కొన్ని రబ్బరు భాగాలను ఇరవై ముప్ఫై వేల కిలోమీటర్ల తరువాత మార్చవలసి రావచ్చనీ, అది చవకైన, సులువైన పనేననీ పెట్రోలియం శాఖ ఆ ఏడాది ఆగస్టులో చెప్పింది. చవకే, కాదనను. కానీ ఆ సులువైన పని జరిగే చోటు ఏది? మన పేటలో అపార్టుమెంటు సెల్లారు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది; నేల వెంట పాకి, పల్లంలో పేరుకుంటుంది. సెల్లారు కన్నా పల్లం ఇంకేముంది? పక్కనే లిఫ్టు మోటారు, కరెంటు మీటర్లు, ఎవరిదో బీడీ.

2023 నవంబరు 13న ఇక్కడికి దగ్గరలోని నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు తగలబడి, ఆ ఒక్కనాడే తొమ్మిదిమంది చనిపోయారు. కింద కారు మరమ్మత్తు చేస్తుండగా నిప్పు రాజుకొని, అక్కడ నిలవచేసిన రసాయనాల డ్రమ్ములకు అంటుకున్నదని అప్పటి వార్తలు. అది పెట్రోలు పైపు కథ అని నేననను. డ్రమ్ములు లేకుంటే అంత ఘోరం జరిగేది కాదేమో కూడా. అయినా మనుషులు నిద్రించే గదుల కింద కారు బానెట్టు తెరిచి పెట్రోలు విప్పే హక్కు ఎవరికీ లేదని నా వాదన. మా అసోసియేషనులో ఈ మాట అన్నందుకు చాదస్తుడినన్న పేరు వచ్చింది, ఉండనివ్వండి.

పని ఆరుబయటే జరగాలి, చేతికందే దూరంలో పొడి మంటలార్పే సిలిండరు ఉండాలి. నీళ్ళబకెట్టు పనికిరాదు, మండుతున్న పెట్రోలు నీటిమీద తేలి పాకుతుంది. పైపు బిగించాక వెంటనే స్టార్టు చేయనివ్వకండి. ఫ్యూజు పెట్టి, బ్యాటరీ కలిపి, తాళం తిప్పి రెండు మూడు సెకన్లు ఆగి మూయించండి, ఇలా మూడుసార్లు. పంపు ఒత్తిడి నింపుతుంది. అప్పుడు ప్రతి జాయింటునూ పొడిగుడ్డతో తడిమి చూడాలి. తడి తగలకపోతేనే స్టార్టు చేసి, నడుస్తుండగా మళ్ళీ చూడాలి. మర్నాడు పొద్దున, తాళం పెట్టకముందే, కారు చుట్టూ ఒకసారి తిరిగి వాసన చూడండి.