కూర్పు గదిలో మన సాక్ష్యం

రైల్వే, తపాలా ఉద్యోగుల బులెటిన్‌లో వీడియో ఎడిటింగ్ గురించి వ్రాయడం కొందరు సోదరులకు విడ్డూరంగా తోచవచ్చు. 18 నెలల కరువుభత్యం బకాయి, ఖాళీల భర్తీ, పాత పింఛను అట్లే ఉండగా మనకు ఈ సినిమా పని దేనికని అడగవచ్చు. అడగవలసినదే. తిల్దాలో జరిగినదాన్ని విన్న తరువాత అడగమని మాత్రం మా మనవి.

రాయపూర్, బిలాస్‌పూర్‌ల నడుమ హౌరా–ముంబయి ప్రధాన మార్గంపై తిల్దా-నేవరా స్టేషను ఉన్నది. బియ్యం మిల్లుల ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుండి, ఆ తరువాత 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తి అయినప్పటి నుండి మరింతగా, ఉత్తరాంధ్ర కుటుంబాలు రైలు పనికై ఈ ప్రాంతానికి తరలివచ్చినవి. వారి మూడవ తరం పిల్లలు ఇంటిలో తెలుగు మాట్లాడతారు. చదవడం మాత్రం హిందీలోనే. మీరు చదువుతున్న ఈ బులెటిన్ ఆ ఇండ్లలో ఎవరో పెద్దవారు పైకి చదివి వినిపిస్తేనే పిల్లల చెవిని పడుతుంది.

కొన్నేళ్ల క్రితం అక్కడి విశ్రాంత గ్యాంగ్‌మన్ ఒకరి మాటలను మేము సెల్‌ఫోనుతో రికార్డు చేయించాము. 1974 మే 8 నుండి 27 వరకు సాగిన సమ్మెలో ఉద్యోగం పోగొట్టుకొని, 1977లో జనతా ప్రభుత్వం వచ్చిన తరువాత తిరిగి పనిలో చేరిన వ్యక్తి. గంటా నలభై నిమిషాలు మాట్లాడారు. క్వార్టరు ఖాళీ చేయమన్న రోజున సామాను ఎవరి వాకిట పెట్టుకొన్నదీ, భార్య ఏ మిల్లులో కూలికి పోయినదీ, ఏ కోమటి అప్పు నిలిపివేసినదీ, ఏ కోమటి నిలుపనిదీ అన్నీ చెప్పారు. మా సభ్యుని కుమారుడు దానిని ఫోనులోనే కత్తిరించి, వెనుక ఒక సినిమా పాట పెట్టి, మూడు నిమిషాల వీడియో చేశాడు. అది వాట్సాప్‌లో ఊరూరా తిరిగినది. అందరూ మెచ్చుకొన్నారు. ఫోనులో చోటు చాలడం లేదు, అసలు రికార్డింగును తీసివేయనా అని ఆ కుర్రవాడు అడిగితే, పని అయినది కదా, తీసివేయమని చెప్పినది మేమే.

ఆ పెద్దాయన నిరుడు కాలం చేశారు. సంస్మరణ సభలో చూపుదామని ఆ వీడియోను తెర మీదికి ఎక్కిస్తే, చేతులు మారి కుదించుకుపోయిన బొమ్మలో ఆయన కన్నులు కూడా సరిగా కనిపించలేదు. మాట కంటె పాట గట్టిగా వినవచ్చినది. గంటా ముప్పది ఏడు నిమిషాల సాక్ష్యం ఇక ఎక్కడా లేదు. తప్పు కుర్రవానిది కాదు, మాది.

ఎడిటింగును మన సినిమా టైటిళ్లలో కూర్పు అంటారు. కత్తిరింపు అని ఎవ్వరూ వేయలేదు. మద్రాసు స్టూడియోల కాలంలో మూవియోలా యంత్రం ముందు కూర్చుని ఫిల్మును కోసేవారు, కోసిన తునకను పారవేసేవారు కారు. ప్రతి తునకకూ గుర్తు వేసి బుట్టలో వ్రేలాడగట్టేవారు. రేపు దర్శకుడు ఆ చూపు కావాలంటే నిమిషంలో తీసి ఇవ్వాలి. ఆర్.ఎం.ఎస్. సోదరులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. సార్టింగ్ గూళ్లలో ఉత్తరం తప్పు గూటిలో పడితే అది ఏ ఊరు చేరుతుందో వారికి తెలుసు. స్టేషను మాస్టర్లు ప్రతి బండి వచ్చిన వేళ, పోయిన వేళ రిజిస్టరులో వ్రాస్తారు. ఇటువంటి క్రమశిక్షణ వృత్తిగా గల మనము, మన చరిత్రకు వచ్చేసరికి చిత్తుకాగితాల బుట్టతో సరిపెట్టుకొన్నాము.

ఇక పరికరాల మాట. డబ్బు లేక చేయలేకపోతున్నామనడం ఇప్పుడు చెల్లదు. ఫ్రాన్సు దేశస్థుడు ఫాబ్రిస్ బెలార్ 2000లో మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత పనిముట్టు ఏ రకపు వీడియోనైనా మరొక రకానికి మారుస్తుంది. కెడెన్‌లైవ్, షాట్‌కట్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు పూర్తిగా ఉచితం. వాటి మూల సంకేతం కూడా బహిరంగం, కనుక ఒక సంస్థ మూతపడినా పనిముట్టు మన చేతిలోనే ఉంటుంది. పాత కంప్యూటరు మీద పెద్ద వీడియో కదలకపోతే, దాని తేలికపాటి నకలు మీద పని చేసి చివరకు అసలును తగిలించే ఏర్పాటు కూడా ఉన్నది. ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ సంస్థ 2009లో కొనుగోలు చేసిన డావిన్చీ వ్యవస్థ సినిమా రంగంలో పేరుమోసినది. దానికీ ఉచిత రూపం ఉన్నది, శిక్షణ గ్రంథాలు సైతం ఊరకనే ఇస్తున్నారు. కాని దాని మూల సంకేతం మూసిన పెట్టె, పైగా బలమైన కంప్యూటరు కావాలి. మా ఓటు మొదటి రెండింటికే.

ఈ తేడాను చాదస్తమని కొట్టివేయవద్దు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్‌తో పాటు వీవా వీడియో అనే ఎడిటింగ్ యాప్ కూడా పోయినది. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ మా చర్చ కాదు. అద్దె పనిముట్టుతో బ్రతికేవాని పని యజమాని తలుపు వేసిన రోజున ఆగిపోతుందని కార్మిక సంఘానికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

తెలుగు అక్షరాల సంగతి ఒకటున్నది. మన కరపత్రాలకు డి.టి.పి.లో వాడే పాత ఫాంట్లు వీడియోలో పనికిరావు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆ భాషల అమరిక ఎంచుకొనకపోతే వత్తులు విడిపోయి, కార్మికుడు ఎవరో పోల్చుకోలేని మాటగా మారతాడు. యూనికోడ్‌లో మండలి, రామభద్ర, ఎన్.టి.ఆర్., గురజాడ వంటి ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నవి. తిల్దా వంటి చోట్ల క్రింద హిందీ అక్షరాలు వేసి, గొంతు మాత్రం తెలుగుదే ఉంచాలి. పిల్లలు ఒకటి చదువుతూ రెండవది వింటారు.

సినిమా పాటల మోజు మాత్రం వదలుకోవాలి. పాట హక్కుదారుకు ఫిర్యాదు చేసే హక్కు ఉన్నది, ఆ ఫిర్యాదుతో మన సభ మూగపోతుంది. హక్కుల పేచీ లేని సంగీతం యూట్యూబ్ వారి ఆడియో లైబ్రరీలోనే దొరుకుతుంది. మా మట్టుకు, పట్టా పక్కన నిలబడి మాట్లాడే మనిషి వెనుక పోయే గూడ్సు బండి చప్పుడు కంటె మంచి సంగీతం అక్కరలేదు.

మరొక ప్రమాదం పెరుగుతున్నది. నాయకుని ఉపన్యాసంలో సగం వాక్యం కోసి, ‘సమ్మె వద్దన్నాడు’ అనో ‘అమ్ముడుపోయాడు’ అనో తిప్పడం ఇప్పుడు చిటికెలో పని. లేని మాటను ఆ గొంతుతోనే పలికించే యంత్రాలు కూడా వచ్చినవి. ఖండన ప్రకటనలు ఎన్ని ఇచ్చినా, తేదీ వేసి దాచిన పూర్తి రికార్డింగుకు సాటిరావు.

ఇదంతా ఎవరు చేస్తారు? ఇక్కడ మన సంఘాలకు చేదైన మాట ఒకటి చెప్పక తప్పదు. ‘మన పిల్లవాడే కదా’ అని రాత్రంతా కూర్చోబెట్టి, టీ తాగించి పంపడం మనకు అలవాటైపోయినది. 30 శాతం వేతన పెంపు కోరుతూ 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు సమ్మె చేసినప్పుడు మనము మద్దతు పలికినవారమే. ఎడిటింగ్ కూడా శ్రమయే. గంట వీడియో చూడడానికే గంట పడుతుంది, కూర్చడానికి దినాలు. బ్రాంచి బడ్జెట్టులో షామియానాకు పద్దు ఉన్నప్పుడు దీనికీ ఉండాలి.

జాగ్రత్తలు రెండు. డ్యూటీలో కెమెరా తీయవద్దు. రైల్వే వారికి 1966 నాటి, తపాలా వారికి 1964 నాటి ప్రవర్తనా నియమావళులు ఉన్నవని మరువవద్దు. మాట్లాడేవారి అనుమతి వ్రాతపూర్వకంగా తీసుకోండి.

రికార్డు చేయవలసినది సమ్మెలు మాత్రమే కాదు. 2025లో రిజిస్టరు పోస్టు స్పీడ్ పోస్టులో విలీనమైనది. ఆ కౌంటరులో ముప్పది ఏండ్లు కూర్చున్నవారు, టోకెన్ గోళం చేతికి రానిదే బండి కదలనీయని కాలంలో పనిచేసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. 1974లో ఇరవై ఏండ్ల యువకునికి ఇప్పుడు డెబ్బది దాటినవి.

తిల్దాలో ఆ పెద్దాయన భార్య ఉన్నారు. మిల్లులో కూలికి పోయినది ఆమెయే గదా, నాటి సంగతులు ఆయన కంటె ఆమెకే ఎక్కువ తెలుసునని ఇరుగుపొరుగు అంటున్నారు. ఆమె సరేనన్నారు, పాట పెట్టవద్దని షరతు పెట్టారు. వచ్చే పర్యటనలో మేము కూర్చోబోతున్నాము. ఈసారి అసలు రికార్డింగు రెండు హార్డ్ డిస్కులకు ఎక్కుతుంది. ఒకటి రాయపూర్‌లో, ఒకటి విశాఖపట్నంలో ఉంటుంది. ఏ నిమిషంలో ఏ సంగతి వచ్చినదో వ్రాసే రిజిస్టరును ఒక విశ్రాంత సార్టర్ గారికి అప్పగించాము. గళ్లు గీసిన పుస్తకం ఆయన ఇప్పటికే కొని తెచ్చారు.