ఉద్యోగికి ఉపవృత్తి - ఔచిత్యం, హద్దులు

“ఉద్యోగం పురుష లక్షణం” అన్నారు మన పెద్దలు. నేడు ఆ మాటలోని పురుష పదానికి స్త్రీలను కూడా చేర్చి చదువుకోవాలి; మన కళాశాల విద్యార్థినులే అందుకు సాక్ష్యం. అయితే ఒక్క ఉద్యోగంతోనే సంసారం గడుస్తుందా, దానికి తోడు మరొక పని చేపట్టాలా, చేపడితే ఎటువంటి పని చేపట్టాలి అనే ప్రశ్న చదువు ముగించి కొలువులో చేరిన పెక్కుమంది యువకులను వేధిస్తున్నది. ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానాన్ని విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రంజాన్ సెలవుల్లో మన పూర్వ విద్యార్థి ఒకడు నన్ను చూడడానికి ఇంటికి వచ్చాడు. బి.కాం. చదివి ఒక దుకాణంలో లెక్కలు వ్రాసే గుమాస్తాగా పని చేస్తున్నాడు. తండ్రి టైలరు, చూపు మందగించి మిషను మానుకున్నాడు. చెల్లెలి పెళ్ళి దగ్గర పడింది. “సార్, రాత్రిపూట మరొక పని చేద్దామనుకుంటున్నాను. మూడు దారులు కనిపిస్తున్నాయి. మోటారు సైకిలు మీద ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవేసే పని ఒకటి. సభ్యులను చేర్పిస్తే కమీషను ఇస్తామనే స్కీము ఒకటి. పాత దస్తావేజులను ఉర్దూ నుంచి తెలుగులోకి తర్జుమా చేసే పని ఒకటి. ఏది ఎంచుకోమంటారు?” అని అడిగాడు. నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఒకే మనిషి రెండు పనులు చేయడం మనకు కొత్త కాదు. రైతు సేద్యానికి తోడు పాడి పెట్టుకున్నాడు. మసీదులో అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్ మిగిలిన వేళల్లో కుట్టుపని చేసుకోవడం మనం ఎరిగినదే. పల్లెలోని తపాలా కార్యాలయాన్ని చూడండి. అక్కడ పని చేసే గ్రామీణ డాక్ సేవకుణ్ణి పూర్వం ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంటు అనేవారు. అతని పని రోజుకు నాలుగైదు గంటలే. ఆ పనిలో చేరేవానికి వేరొక జీవనాధారం కూడా ఉండాలని తపాలా శాఖ నిబంధనలే చెబుతున్నాయి. అనగా, జీతం పూర్తిగా ఇవ్వలేని చోట మనిషి సమయాన్ని కూడా పూర్తిగా కోరరాదనే న్యాయం అందులో ఇమిడి ఉన్నది.

సాహిత్య రంగంలోనూ ఇట్టి వారు ఎందరో. పాలగుమ్మి పద్మరాజు గారు రసాయన శాస్త్రం బోధించే అధ్యాపకులు. ఆయన వ్రాసిన ‘గాలివాన’ కథకు 1952లో ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి వచ్చింది. ఉర్దూ, హిందీ భాషలు రెండూ తమవాడని చెప్పుకునే ప్రేమ్‌చంద్ విద్యాశాఖలో ఉద్యోగం చేస్తూనే కథలు వ్రాసినాడు. 1908లో వెలువడిన ‘సోజే వతన్’ కథల సంపుటిని ఆనాటి ఆంగ్ల ప్రభుత్వం రాజద్రోహంగా భావించి ప్రతులను తగులబెట్టించింది. అంతవరకు నవాబ్‌రాయ్ పేరుతో వ్రాసిన ఆ రచయిత అటు తరువాతనే ప్రేమ్‌చంద్ అయినాడు. కొన్నేళ్లు మారుపేరు మాటున రెండు పనులూ నడిపినాడు. చివరకు 1921లో గాంధీజీ పిలుపు విని ఉద్యోగానికి రాజీనామా ఇచ్చినాడు. రెండు పనులూ మనస్సులో పరస్పరం కలహిస్తే ఏదో ఒకనాడు ఒక దానిని విడువక తప్పదని ఆయన జీవితం తెలుపుతున్నది.

ఇక చట్టాల మాట. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కొరకు 1964లో చేసిన ప్రవర్తనా నియమావళి, ముందుగా అనుమతి పొందనిదే వ్యాపారం గాని మరొక ఉద్యోగం గాని చేయరాదంటుంది. అయితే విధులకు భంగం కలగనంత వరకు సాహిత్య, కళా, వైజ్ఞానిక సంబంధమైన పని అప్పుడప్పుడు చేసుకోవడానికి అదే నియమం అవకాశం ఇచ్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, ఒక కర్మాగారంలో పని చేసిన రోజున అదే కార్మికుడు మరొక కర్మాగారంలో పని చేయరాదని కట్టడి చేసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిపంతుళ్ళు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదన్నది. 2022లో విప్రో సంస్థ, తమ వద్ద ఉంటూ పోటీ సంస్థలకు కూడా పని చేస్తున్నారని 300 మందిని తొలగించినట్లు ప్రకటించింది. అదే ఏడాది ఇన్ఫోసిస్ సంస్థ, పైఅధికారి ముందస్తు అనుమతి ఉంటే, తమకు పోటీ కాని బయటి పనులు చేసుకోవచ్చునని తన ఉద్యోగులకు తెలిపింది. ఈ నియమాలన్నిటినీ వడగడితే మిగిలే సారం స్వల్పమే: యజమాని కొన్న సమయాన్ని దొంగిలించకు; దేహాన్ని అరగదీసుకోకు; ఒకరి ఉప్పు తింటూ వారికే పోటీ పోకు; ఏది చేసినా బహిరంగంగా చేయి.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఈ కళాశాలలో చేరక పూర్వం నేను వేరొక ఊళ్ళో ఒక ప్రైవేటు కళాశాలలో పని చేసినాను. సెలవు నెలలకు అక్కడ జీతం ఉండేది కాదు. ఇంటి అద్దె మాత్రం సెలవులు ఎరుగదు. అందుచేత సాయంత్రాలు ఒక ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. ఒకనాడు కళాశాలలో ఛందస్సు పాఠం తొందరగా ముగిస్తున్నాను. ఒక విద్యార్థిని లేచి, “సార్, సీస పద్యంలో ఇంద్ర గణాలు ఎక్కడ ముగుస్తాయి, సూర్య గణాలు ఎక్కడ మొదలవుతాయి?” అని అడిగింది. పాదానికి ఆరు ఇంద్ర గణాలు, వాటి మీద రెండు సూర్య గణాలు; నల్లబల్ల మీద రెండు నిమిషాల పని. నేను గడియారం చూసుకుని, “సాయంత్రం ట్యుటోరియల్‌కు రా, అక్కడ వివరంగా చెబుతాను” అన్నాను. ఆ అమ్మాయి తల వంచుకుని కూర్చున్నది. ట్యుటోరియల్ ఫీజు కట్టే స్తోమత ఆమెకు లేదని నాకు తెలుసు.

నన్ను ఎవరూ తప్పు పట్టలేదు. తోటి అధ్యాపకులలో పలువురు అదే మాట రోజూ అనేవారు. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పగలు చెప్పవలసిన దానిని దాచి సాయంత్రం అమ్మడమంటే, ఒకరు నా వద్ద దాచుకున్న అమానత్‌ను వారికే తిరిగి అమ్మడం కాదా? ఆ నెలాఖరుకు ట్యుటోరియల్ మానుకున్నాను. మూడు నెలల అద్దె బాకీ పడినాను. తరువాత అచ్చు పుస్తకాల ప్రూఫులు దిద్దే పని దొరికింది. జీతంలో నాలుగో వంతు కూడా వచ్చేది కాదు. కాని ఆ పని నా తరగతిలోని ఏ పిల్లవాని ముందూ నా కన్నులు దించలేదు. మన పూర్వ విద్యార్థి ప్రశ్నకు నేను తడుముకోవడానికి కారణం ఇదే. ఈ విషయంలో ఉపదేశించే అర్హత నాకు ఆలస్యంగా వచ్చింది.

అతనితో నేను అన్న మాటలే ఇక్కడ వ్రాస్తున్నాను. భోజనం చేరవేసే పనిలో అవమానం ఏమీ లేదు. చెమటోడ్చి తెచ్చిన పైసా హలాల్ పైసాయే. కాని లెక్క తెలిసిన వాడివి గనుక, వచ్చినది ఎంత అని గాక మిగిలినది ఎంత అని చూడు. పెట్రోలు, టైర్ల అరుగుదల, బండి మరమ్మతు అన్నీ తీసివేయి. మిగిలిన దానిని గంటలతో భాగించు. ఆ పైన, పగలంతా అంకెలు కూడి రాత్రి పదకొండు దాకా రోడ్డు మీద తిరిగిన వాని కంటికి మరునాటి చిట్టాలో ఒక సున్న తప్పిపోతే ఆ నష్టం ఎవరు భరించాలో కూడా ఆలోచించు.

సభ్యులను చేర్పించే స్కీము మాట ఎత్తవద్దు. వస్తువు అమ్మినందుకు గాక మనుషులను చేర్చినందుకే సొమ్ము వస్తున్నదంటే, వెనుక చేరిన వాని జేబే ముందు చేరిన వాని ఆదాయమన్నమాట. ఇట్టి వాటిని నిషేధిస్తూ 1978లోనే పార్లమెంటు చట్టం చేసింది. పోయేది సొమ్ము మాత్రమే కాదు. బావమరదులు, ఇరుగుపొరుగు, మసీదులో పక్కన నిలబడే వారు, అందరి సలామూ పోతుంది.

తర్జుమా పనికి మన ప్రాంతంలో ఆధారం ఉన్నది. 2017లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తించాయి. నిజాం కాలపు సేత్వార్లు, ఆ తరువాతి ఖాస్రా పహాణీలు ఉర్దూలోనే ఉన్నాయి. పొలం తగాదా వచ్చిన రైతుకు వాటిని చదివి పెట్టే మనిషి కావాలి. అయితే ఇందులోనూ హెచ్చరిక ఉన్నది. ఒకప్పుడు ఉర్దూ పత్రికలు కాతిబుల చేతివ్రాత మీద బతికినవి. 1994లో ఇన్‌పేజ్ అనే కంప్యూటరు సాధనం వచ్చిన పిమ్మట ఆ కలాలు ఒకటొకటిగా మూలబడినవి. నేడు తర్జుమాను కూడా యంత్రం చేస్తున్నది. కాని తప్పు దొర్లితే సంతకం చేసి పూచీ పడేది మనిషే. కావున రెండు భాషలూ వచ్చినంత మాత్రాన చాలదు. రెవెన్యూ మాటలు నేర్చుకో, పూచీ పడే శక్తి సంపాదించుకో. దానిపై వచ్చిన ఆదాయాన్ని పన్ను రిటర్నులో చూపించు. అన్నిటికన్న ముందు మీ యజమానితో చెప్పు.

అతడు చెప్పినాడు. మరొక దుకాణం లెక్కలు మాత్రం వ్రాయవద్దని షరతు పెట్టి యజమాని ఒప్పుకున్నాడట. ఇప్పుడు వారంలో రెండు రాత్రులు, ఆదివారం ఆ పని చేస్తున్నాడు. చెల్లెలి పెళ్ళి ఖర్చుకు ఆ రాబడి చాలదు. ఆ మాటా అతనితో అన్నాను: రాబడి పెంచుకోవడంతో పాటు నికాహ్ సాదాగా జరిపించుకునే ధైర్యం కూడా కావాలని.

చివరగా కమిటీ పెద్దలకు ఒక విన్నపం. హజ్రత్ అబూబక్ర్ (రజి.) ఖలీఫాగా ఎన్నికైన తరువాత కూడా ఎప్పటివలె బట్టల మూట భుజాన వేసుకుని బజారుకు బయలుదేరారని, దారిలో హజ్రత్ ఉమర్ (రజి.) ఎదురై ఆపినారని, పిమ్మట బైతుల్ మాల్ నుంచి ఆయన కుటుంబానికి తగిన భత్యం ఏర్పాటు అయినదని ఇస్లాం చరిత్ర చెబుతున్నది. వ్యాపారం మానుకోమని చెప్పి ఊరుకోలేదు. ఇల్లు గడిచే దారి కూడా చూపించారు. అధ్యాపకుని పూర్తి సమయం కోరే ఏ సంస్థకైనా ఇది పాఠం. ఫీజుల రాబడి మీద నడిచే విభాగాలలోని అధ్యాపకులకు సెలవు నెలల జీతం కూడా ఇప్పించండి. బయటి పని చేసుకునేవారు వ్రాతపూర్వకంగా అనుమతి కోరే పద్ధతి పెట్టండి. తన తరగతి విద్యార్థికి తానే డబ్బు పుచ్చుకుని ట్యూషన్ చెప్పరాదని కచ్చితమైన నియమం చేయండి. కళాశాలలోనే రోజుకొక గంట సందేహ నివృత్తికి కేటాయించి, ఆ గంటకు అధ్యాపకునికి ప్రతిఫలం ముట్టజెప్పండి. అప్పుడు ఫీజు కట్టలేని పిల్ల ప్రశ్న తలవంపులతో ముగియదు.

విద్యార్థులారా! రెండు పడవల మీద కాళ్ళు పెట్టరాదంటారు. నిజమే. కాని ఒకే పడవలో కూర్చుని రెండు తెడ్లు వేయవచ్చు. రెండూ ఒకే దిక్కుకు వేయాలి, అంతే. మీరు రేపు చేపట్టే ఉపవృత్తి మీ ప్రధాన వృత్తిని బలపరుస్తున్నదా, దాని వేళలను తినివేస్తున్నదా అని నెలకొకమారు మిమ్ము మీరే ప్రశ్నించుకోండి. ఇది నా అభిప్రాయం మాత్రమే. భిన్నాభిప్రాయం గలవారు వచ్చే సంచికలో వ్రాస్తే సంతోషిస్తాను.