మందు మానేస్తే మునిగిపోతామా?

తణుకు, పెరవలి, అనపర్తి చుట్టుపక్కల కోళ్ల ఫారాల్లో యాంటీబయాటిక్ తగ్గించండని ఎవరైనా అంటే వచ్చే జవాబు దాదాపు ఒకటే. మందు మానేస్తే బ్యాచ్ నిలబడదండీ, బ్యాచ్ పోతే అప్పు ఒక్కటే మిగులుతుంది అంటారు. దాణా మిల్లుల వాళ్లూ, మందుల ఏజెంట్లూ అదే పాట. గుడ్డు ధర పెరిగి పేదవాడికి దూరమవుతుందని చివర్లో ఇంకో ముక్క కలుపుతారు. రైతు మీద అభిమానంతో చెప్పినట్టే వినిపించే ఈ వాదన రైతుకే నష్టం తెస్తోందని నా నమ్మకం.

జబ్బు చేసిన కోడికి వైద్యం మానమని ఎవరూ అనడం లేదు. కాదంటున్నది, జబ్బు లేని వేల కోళ్లకు దాణాలోనో నీళ్లలోనో కొద్దికొద్దిగా రోజుల తరబడి పోసే మందుని. ఆ కొద్ది మోతాదే ముప్పు. అది బలహీనమైన బ్యాక్టీరియాను చంపి, తట్టుకోగలిగినదాన్ని మిగులుస్తుంది. మిగిలింది సంతతిని పెంచుకోవడమే కాదు, తట్టుకునే గుణాన్ని పక్క జాతి బ్యాక్టీరియాకూ అందిస్తుంది. కోడి పేగులో పుట్టిన ఈ గుణం రేపు మనిషి ఊపిరితిత్తుల్లో జబ్బు చేసే క్రిమికి చేరవచ్చు.

ఈ అలవాటు పుట్టిన చోటికీ మన గోదావరి డెల్టాకీ ఒక సంబంధం ఉంది. భీమవరంలో పుట్టి, సోదరులను జబ్బులకు పోగొట్టుకున్న యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ మందుల సంస్థ పరిశోధనలకు అధిపతిగా ఉన్నప్పుడే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటపడింది. 1948లో ఆ మందు సంగతి లోకానికి తెలిసింది, ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత అదే సంస్థలోని జూక్స్, స్టాక్‌స్టాడ్ అనే శాస్త్రవేత్తలు ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పదార్థాన్ని మేపితే కోడిపిల్లలు త్వరగా బరువెక్కుతున్నాయని ప్రకటించారు. రోగిని బతికించడానికి పుట్టిన మందు దాణా బస్తాలోకి దిగింది అలాగే. సుబ్బారావు మనవాడని విగ్రహాలు పెట్టుకున్న నేల మీద ఆ మందుల శక్తినే చేజేతులా అరగదీస్తున్నాం. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది.

సరే, లాభం సంగతి. అప్పట్లో కనిపించినంత ఎదుగుదల ఇప్పటి షెడ్లలో కనిపించదు. అమెరికాలో పెర్డ్యూ కంపెనీ దాదాపు 70 లక్షల బ్రాయిలర్ కోళ్ల మీద సేకరించిన లెక్కలను 2007లో పరిశోధకులు విశ్లేషించారు. దాణాలో మందు వల్ల వచ్చిన లాభం ఆ మందు ఖర్చుకు కూడా సరిపోలేదు. డెన్మార్క్ 1990ల చివర్లో ఎదుగుదల కోసం వాడే యాంటీబయాటిక్‌లను ఆపేసింది. బ్రాయిలర్ కోళ్లలో మరణాలు పెరగలేదు, దాణా ఖర్చు అతి స్వల్పంగా పెరిగిందంతే. పాలు మాన్పించిన పందిపిల్లల్లో మాత్రం విరేచనాలు ఎక్కువై కొన్నాళ్లు వైద్యానికి మందు వాడక తప్పలేదు. ఆ ఇబ్బందిని దాచనక్కర్లేదు. అది శుభ్రత, మేత, వయసు లాంటివి సరిచూసుకోవలసిన ఇబ్బంది.

మన దగ్గరే చూద్దాం. ఐసీయూల్లో ఏ మందూ పనిచెయ్యనప్పుడు చివరి ప్రయత్నంగా ఇచ్చే కొలిస్టిన్‌ను ఒకప్పుడు ఇక్కడ దాణాలో ధారాళంగా కలిపారు. 2019 జూలైలో కేంద్రం పశువులకు, కోళ్లకు, ఆక్వాకు దాన్ని నిషేధించింది. షెడ్లు ఖాళీ అయ్యాయా? గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందే ఉంది. చైనా 2017లోనే దాన్ని దాణాలోంచి తీసేసింది. అక్కడి పందుల్లో కొలిస్టిన్‌కు లొంగని ఈ.కోలై 2015-16లో 34 శాతం ఉండగా 2017-18కి 5 శాతానికి పడిపోయింది. అంటే పోయిందనుకున్న మందు శక్తి తిరిగొచ్చే అవకాశం ఉంది, మనం ఆపితే.

2025 ఫిబ్రవరిని డెల్టా రైతు మరిచిపోలేడు. వేల్పూరు, కానూరు అగ్రహారం ఫారాల నమూనాల్లో బర్డ్‌ఫ్లూ ఉన్నట్టు భోపాల్ ప్రయోగశాల తేల్చింది. ఎన్నో కోళ్లు పోయాయి, బతికున్నవాటిని కూడా చంపి పూడ్చిపెట్టారు. అది వైరస్. దాని ముందు ఏ యాంటీబయాటిక్కూ పనికిరాదు. ఇన్నేళ్లు మందు డబ్బాను నమ్ముకుని గేటు దగ్గర కాళ్లు కడుక్కునే తొట్టినీ, ట్రేలు, లారీల శుద్ధినీ, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య షెడ్డు ఖాళీగా ఉంచడాన్నీ నిర్లక్ష్యం చేసిన చోట్ల రైతును కాపాడే గోడే లేకపోయింది. కొక్కెర తెగులు, గంబోరో లాంటి వాటికి టీకాలున్నాయి, అవీ వైరస్‌లే. నిజమైన రక్షణ టీకాల్లో, నీటి శుభ్రతలో, కోడికి కాస్త చోటివ్వడంలో ఉంది. మందు ఆ లోపాలను కప్పిపెట్టి రైతును ధీమాగా ఉంచుతుంది.

మందు మానడం అసాధ్యమనేవాళ్లకు రొయ్యల చెరువులే జవాబు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల అవశేషాలున్నాయని సరుకు తిప్పికొట్టి, 2016లో ఐరోపా సమాఖ్య మన ఆక్వా సరుకులో పరీక్షించే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. అప్పుడు మారాం. పట్టుబడికి ముందే నమూనా పరీక్షలు వచ్చాయి, భీమవరంలో ప్రయోగశాల ఉంది, ఏ మందు వాడకూడదో చెరువు కాపలాదారుకి కూడా తెలిసింది. తిరిగొచ్చే కంటైనర్లు పూర్తిగా ఆగలేదు నిజమే, కానీ అడిగేవాడుంటే రైతు మారగలడని తేలిపోయింది. పరాయి దేశపు పళ్లేనికి అంత పరీక్ష చేసి, మన బడిపిల్ల తినే గుడ్డును లోడుకొకసారైనా చూడకపోవడం ఏం న్యాయం?

ఇక వండితే పోతుందనే మాట. వేడికి బ్యాక్టీరియా చస్తుంది. కానీ అది పొయ్యి దాకా రాకముందే వంద దారుల్లో పోతుంది. షెడ్డులో పనిచేసేవాళ్ల చేతులకు అంటుతుంది. కోళ్ల పెంట పొలానికీ చేపల చెరువుకూ ఎరువుగా వెళ్తుంది. చెరువు నీళ్లు మురుగు కాలువలోకి, అక్కణ్నుంచి కింది ఊళ్లకు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా ఒకే నీటితో బతికే నేల మనది. కాలువ నీళ్లతో మంచినీళ్ల చెరువులు నింపుకునే ఊళ్లలో, ఏ షెడ్డు మందూ ఆ షెడ్డులోనే ఆగదు.

గుడ్డు ధర విషయంలో రైతు చేతిలో ఉన్నదే తక్కువ. పెట్టుబడిలో అధిక భాగం మొక్కజొన్న, సోయా మింగేస్తాయి, అమ్మకం రేటు రోజూ జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) ప్రకటిస్తుంది. మందు తీసేస్తే ఖర్చు పేలిపోతుందనడానికి ఆధారం లేదు. షెడ్డు బాగుచేసుకోవడానికి మాత్రం డబ్బు కావాలి. దాన్ని ఒక్క రైతు మీద వదిలెయ్యడం అన్యాయం, ప్రభుత్వమూ కంపెనీలూ పంచుకోవాలి. పశువైద్యుడి చీటీ లేకుండా ఈ మందులు అమ్మే దుకాణాలను, ఏం కలిపారో బస్తా మీద రాయని మిల్లులను ముందు పట్టుకోవాలి.

ప్రభుత్వం దగ్గర ఇంకో పెద్ద ఆయుధం ఉంది. బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. మన కోనసీమలో ఆకలిగా వచ్చినవాడికి వేళ కాని వేళలో అన్నం పెట్టిన తల్లి ఆవిడ. ఆ పథకానికీ అంగన్‌వాడీలకూ గుడ్లు కొనే టెండర్లలో ఒక్క షరతు చేర్చాలి: షెడ్డు వారీగా మందుల రిజిస్టరు చూపాలి, అవశేషాల పరీక్ష నెగ్గిన లోడుకే బిల్లు ఇవ్వాలి. వచ్చే టెండరులోనే.