పాత మిద్దెకు విలువ లేదా?

తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో పాత ఇల్లు బేరానికి వస్తే స్థలాన్ని కొలిచే అంకణం ధర దగ్గరే మాట మొదలై అక్కడే ముగుస్తుంది. ఇల్లు ఎటూ పడగొట్టాల్సిందే కాబట్టి స్థలం విలువే ఇస్తామని కొనేవారు అంటారు, అమ్మేవారూ ఒప్పుకుంటారు. ఈ అభిప్రాయం తప్పు. ఇంటి యోగ్యతను తేల్చేది కట్టడం, వయసు కాదు.

వయసునే కొలతగా పెట్టుకుంటే ఏమవుతుందో జపాన్ చూపింది. అక్కడ పన్ను లెక్కల్లో కలప ఇంటి ఆయుష్షు 22 ఏళ్లు. మార్కెట్ కూడా ఆ లెక్కకే అలవాటుపడి, పాతబడిన శివారు ఇంటి కట్టడానికి దాదాపు ఏ విలువా కట్టదు. 2023 సర్వే నాటికి ఆ దేశంలో ఖాళీ ఇళ్లు 90 లక్షలకు చేరాయి. అలాంటి ఇంటిని చౌకగా కొనే వివేకవంతులు ముందు అది 1981 జూన్ తర్వాత నిర్మాణ అనుమతి పొందిందా అని చూస్తారు. భూకంప నిబంధనలు కట్టుదిట్టమైంది అప్పుడే. ఆపైన పునాది, చెదలు, పైకప్పు కారడం, రైల్వే స్టేషన్ దూరం చూస్తారు. ఆ తేదీకి విలువ వచ్చింది కూడా కట్టిన పద్ధతి వల్లనే.

ఇక్కడి పాత ఇళ్లనూ అలాగే చూడాలి. టేకు దూలాల మీద ఇటుకను సున్నంతో పేర్చిన మద్రాసు టెర్రస్ మిద్దె, మందపాటి గోడలు ఎండవేడిని ఆలస్యంగా లోపలికి పంపుతాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లకు ఇది చిన్న మేలు కాదు. దూలాల కొనలు గోడలో పుచ్చితే మార్చవచ్చు. కాంక్రీటు స్లాబులో కడ్డీలు తుప్పుపట్టి పెచ్చులు ఊడుతుంటే ఇంజనీరు చూడాలి. కొన్నిటికి మరమ్మతు చాలు, కొన్నిటిని దించక తప్పదు.

నిజంగా వెనక్కి తగ్గాల్సిన లోపాలు చాలావరకు స్థలానివే. 2021 నవంబరు వానలకు తిరుపతిలో ఎన్నో కాలనీలు నీటమునిగాయి. మఠాల భూముల వివాదాలు, రిజిస్ట్రేషన్లు ఆపే 22-ఎ నిషేధిత జాబితా, తెగిపోయిన లింకు డాక్యుమెంట్లు కూడా ఇలాంటివే. ఇల్లు కూల్చినా ఇవి పోవు. స్థలానికే విలువ అనే లెక్క మంచి గోడలను కూల్చి, చెడ్డ స్థలాన్ని పూర్తి ధరకు అంటగడుతుంది.

కాబట్టి ముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, నీటిపల్లం చూడాలి. తర్వాత ఇంజనీరు చేత కట్టడాన్ని పరీక్షింపజేయాలి. అలాంటి ఇల్లే కొత్తగా కట్టే ఖర్చులోంచి తరుగునూ మరమ్మతు ఖర్చునూ తీసివేస్తే మిగిలేదే కట్టడం విలువ. దాన్ని స్థలం ధరకు కలిపి చెల్లించడమే న్యాయమైన బేరం.